నట్టు బోల్టుల ఫైబర్ డప్పు: గుడిలో పాటకి సరిపోతుందా?

విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ ఏ యూత్ ఫెలోషిప్ కుర్రాళ్లయినా డప్పు కొందామని వెళ్తే షాపులో ముందు చేతికిచ్చేది ఫైబర్ డప్పే. ఇనప కట్టు, దాని మీద ప్లాస్టిక్ పొర, పొరని పట్టి ఉంచే రింగు, చుట్టూ హుక్కు బోల్టులు. ఈ సమీక్ష 16 అంగుళాల సైజు గురించి. పెళ్లి ఊరేగింపుకి కొనేవాళ్లకి ఇంత వివరం అక్కర్లేదు. ఆదివారం గుడిలో (అంటే చర్చిలో) ఆరాధనలోనూ, డిసెంబరు కేరల్స్‌లోనూ, వీధిలో నిలబడి పాడే పాటకీ ఒకే డప్పు వాడదామనుకునే సంఘ యువజనుల కోసం రాస్తున్నది.

ముందే తేల్చి చెప్పేస్తే, బయట పాటకి ఇది కొనుక్కోండి, డబ్బు వృథా పోదు. మందిరం లోపల పాటకి మాత్రం ఇదొక్కటే చాలదు. పక్కన కనీసం ఒక తోలు డప్పు ఉండాలి, దాన్ని కట్టిన మనిషితో సంఘానికి పరిచయం ఉండాలి. ఎందుకో తర్వాత వస్తుంది.

గుడిలో డప్పు అనగానే మన దగ్గర రెండు అభ్యంతరాలు వస్తాయి. అది జాతరలో అమ్మవారి ముందు మోగేది కదా అన్నది పైకి చెప్పేది. చావుకి మోగేది, దండోరాకి మోగేది, ఫలానా పేటవాళ్లు కొట్టేది అన్నది లోపల ఉండేది. మొదటి తరం విశ్వాసుల్లో చాలామంది బాప్తిస్మంతోపాటే డప్పు దించేశారు. అందులో తప్పేమీ లేదు. ఊరు పిలిస్తే కూలి అడక్కుండా వెళ్లి కొట్టవలసిన వెట్టి అది, దాన్ని దించడమే వాళ్లకి విడుదల. కాబట్టి సంఘంలో ముసలివాళ్లు డప్పు వద్దంటే దాన్ని ఛాందసం అని కొట్టిపారేయకూడదు. ముందు వాళ్ల దగ్గర కూర్చుని వినాలి. డప్పు కొనడానికి ముందు చేయవలసిన పని ఇది. ఈ పని వదిలేసి నేరుగా షాపుకి వెళ్లే సంఘాల్లోనే డప్పు మూడు నెలల్లో స్టోరు రూములోకి పోతుంది.

ఇంకోవైపు, పాట తన వాయిద్యాన్ని కింద నుంచి తెచ్చుకున్న నేల ఇది. 1967 అక్టోబరు 31న పార్వతీపురం ఏజెన్సీలోని లేవిడిలో ఇద్దరు గిరిజనుల్ని భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. శ్రీకాకుళ పోరాటం ఎగసింది ఆ తర్వాతే, పాట కూడా దాంతోపాటే నడిచింది. శ్రీకాకుళం తీరాన ఉద్దానంలో బొడ్డపాడు దేవాలయంలో పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి జముకు అనే పల్లె వాయిద్యం పట్టుకుని జనానికి కథ చెప్పాడు, 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో చనిపోయాడు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో 1943లో పుట్టిన వంగపండు ప్రసాదరావు, గద్దర్ వంటి వాళ్లతో కలిసి 1972లో జననాట్యమండలి కట్టాడు. ఆ మండలి పాటల్లో వినపడేది మన పొలం గట్ల మీద మాట్లాడుకునే మాటే. పూజారి జముకు ఎత్తడం, చదువుకున్న కుర్రాళ్లు కాలికి గజ్జెలు కట్టి డప్పు పట్టడం ఆ రోజుల్లో చిన్న తిరుగుబాటు కాదు.

అవే సంవత్సరాల్లో చర్చిలోనూ కదలిక ఉంది. కతోలిక చర్చి రెండో వాటికన్ సభ 1963 డిసెంబరు 4న ఆరాధన మీద ప్రకటించిన పత్రంలో ఆయా దేశాల సంగీతానికి, పూజకి తగినట్టు మలుచుకోగల వాయిద్యాలకి తలుపు తీసింది. 1967లో బెంగళూరులో అమలోర్పవదాస్ స్వామి నాయకత్వంలో మొదలైన కతోలికుల బోధన, ఆరాధనల జాతీయ కేంద్రం, పూజని మన దేశ పద్ధతులకి మలుచుకోవడానికి 1969లో రోము ఆమోదించిన 12 అంశాలు దాని కొనసాగింపే. అమెరికాలో కాలిఫోర్నియా తీరాన హిప్పీ కుర్రాళ్లు గిటార్లు పట్టుకుని చర్చిలోకి వచ్చారు. వాళ్ల వట్టి కాళ్లకి కార్పెట్టు మాసిపోతుందని అక్కడి పెద్దలు గొడవపడ్డారట. చెప్పులు గుమ్మం బయట విడిచి వెళ్లే మనకి ఆ గొడవ వింతగా ఉంటుంది గానీ, దాని వెనకున్న భయం మాత్రం మనకి తెలిసిందే. నల్లజాతి క్రైస్తవుల ఆరాధన పాటల్లోంచి పుట్టిన ‘వియ్ షల్ ఓవర్‌కమ్’ 1945–46లో చార్ల్స్‌టన్ పొగాకు కార్మికుల సమ్మెలో నోటికెక్కి, 1960ల్లో పౌరహక్కుల ఉద్యమం పాటయింది. మన బడి పిల్లలు పాడే ‘హమ్ హోంగే కామ్‌యాబ్’ దాని హిందీ రూపమే. మనకి ఇంకా దగ్గరగా, మదురైలోని తమిళనాడు థియోలాజికల్ సెమినరీలో థియోఫిలస్ అప్పావు దళితుల పఱై డప్పునీ, పల్లె బాణీలనీ ఆరాధనలోకి తెచ్చాడు. ఆయన 2005లో పోయారు. డప్పుని గుడిలోకి తేవడం ఎవరో కుర్రాడికి నిన్న తోచిన ఫ్యాషన్ కాదని చెప్పడానికే ఇదంతా.

మన కుర్రాళ్లు కొత్త పాటలు కట్టుకుంటున్నప్పుడు వాళ్ల ఆశ ఏమిటో వినండి. పరలోకం గురించి నాలుగు చరణాలు పాడి, ఉద్దానంలో కిడ్నీలు పాడై డయాలసిస్‌కి తిరిగే అన్న గురించి ఒక్క చరణమైనా పాడలేకపోతున్నామని వాళ్ల బాధ. వలస వెళ్లిన ఇళ్లకి వేసిన తాళాల గురించి, థర్మల్ ప్లాంటు వద్దని జనం పోరాడి నిలుపుకున్న సోంపేట బీల (చిత్తడి నేలల) గురించి, శ్మశానంలో కూడా వేరుగా ఉన్న వరసల గురించి దేవుని ముందు పాడాలని వాళ్ల కోరిక. అలాంటి పాటకి కీబోర్డులో ముందే పోసి ఉన్న రిథమ్ సరిపోదు. అందుకే డప్పు.

ఇక వస్తువు దగ్గరికి వద్దాం.

ఫైబర్ డప్పులో మొదట చూడవలసింది పొర. డ్రమ్ సెట్‌కి వాడే మామూలు పొర సుమారు పావు మిల్లీమీటరు మందం ఉంటుంది. డప్పు పొర అంతకంటే పల్చగా ఉంటే వేలితో నొక్కగానే పాలిథిన్ కవరులా కరకరమంటుంది, అది వద్దు. దెబ్బ తగిలేచోట సొట్ట పడి, ఒక కేరల్స్ సీజను కూడా ఆగదు. పొర అంచు రింగులో ఎలా కూర్చుందో వెనక్కి తిప్పి చూడాలి. అంచు మడిచి గట్టిగా పట్టేసిన రింగు మంచిది. ఒట్టి జిగురుతో అతికించినది రెండోసారి బిగించేటప్పుడే జారిపోతుంది.

తర్వాత కట్టు గుండ్రంగా ఉందా లేదా చూడండి. టేపు పెట్టి అడ్డంగా, నిలువుగా, రెండు ఐమూలలకీ కొలవండి. నాలుగు కొలతల్లో మూడు నాలుగు మిల్లీమీటర్లకి మించి తేడా ఉంటే ఆ డప్పు ఎంత బిగించినా ఒకవైపు శ్రుతి పడదు. ఇనప కట్టుకి వెల్డింగు అతుకు ఎక్కడుందో వేలితో తడమండి. అతుకు దగ్గర బొడిపె ఉంటే పొర అక్కడే కోసుకుపోతుంది. ఆకురాయితో రాసి ఇమ్మని షాపులోనే అడగాలి. కట్టు అంచు చొక్కా చేతిని చింపేలా ఉంటే, గంటసేపు మోస్తే మోచేతిని కూడా కోస్తుంది.

బోల్టులు తక్కువ ఉన్న డప్పు చవగ్గా వస్తుంది, కానీ బోల్టుకీ బోల్టుకీ మధ్య దూరం జానెడు దాటితే మధ్యలో పొర వదులుగా ఉండిపోతుంది. 16 అంగుళాలకి పది బోల్టులుంటే హాయి, ఎనిమిదికి తగ్గొద్దు. బోల్టు 6 మిల్లీమీటర్లదైతే 10 నంబరు పానా సరిపోతుంది, సైకిల్ షాపులో దొరుకుతుంది. రెక్క నట్టులు ఉన్నవి కొనకండి. చేత్తో తిప్పుకోవచ్చు కదా అనిపిస్తుంది గానీ, అవి దెబ్బల అదురుకి వాటంతటవే వదులవుతాయి.

కొత్త డప్పుని కొన్న రోజే గట్టిగా బిగించి కేరల్స్‌కి తీసుకెళ్లడం వల్లే చాలా పొరలు చిరుగుతాయి. ముందు నట్టులన్నీ వేళ్లతో తిరిగినంతవరకు తిప్పండి. పానాతో ఒక నట్టు పావు చుట్టు, తర్వాత దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న నట్టు పావు చుట్టు, తర్వాత పక్కది, దాని ఎదురుది. వరసగా చుట్టూ తిప్పుకుంటూ పోతే పొర ఒకవైపుకి లాగేసుకుంటుంది. రెండు మూడు రౌండ్లు అయ్యాక, అంచుకి అంగుళం లోపల ప్రతి నట్టు దగ్గరా చిటికెన పుల్లతో (ఎడంచేతి సన్న పుల్లతో) మెల్లగా తట్టండి. శ్రుతి తగ్గి పలికినచోట ఎనిమిదో వంతు చుట్టు బిగించండి, హెచ్చుగా ఉన్నచోట వదలండి. అన్నిచోట్లా ఒకేలా పలికితే ఆపేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి కాస్త సాగి ఉంటుంది, మళ్లీ ఒక్క రౌండు. ఇలా రెండు రోజులు చేస్తే తర్వాత నెలల తరబడి ముట్టుకోవక్కర్లేదు.

ఎక్కడ ఆపాలన్నది చెవికే తెలియాలి. బొటనవేలితో నడిమధ్య నొక్కితే అతి కొద్దిగా లోపలికి పోవాలి. అసలు పోకపోతే ఎక్కువ బిగిసిపోయిందని. అప్పుడు శబ్దం టంగుమని స్టీలు పళ్లెంలా ఉంటుంది, పాటలో మాటలు మింగేస్తుంది.

నిజానికి ఫైబర్ డప్పు మీద ఉన్న పెద్ద ఫిర్యాదే ఆ టంగు. పొర పల్చన, నున్నన, అంతటా ఒకే మందం కాబట్టి పై స్థాయి శబ్దాలు ఆగకుండా మోగుతూనే ఉంటాయి. తోలు అలా కాదు. మందం ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు, తన శబ్దాన్ని తనే పీల్చుకుంటుంది. అందుకే ధిమ్మని పలికి ఆగుతుంది. ఫైబరుకి విరుగుడు ఉంది. రెండంగుళాల వెడల్పు, నాలుగంగుళాల పొడవు నూలు గుడ్డ ముక్కని పొర వెనక వైపు, అంచుకి రెండు వేళ్ల దూరంలో, పై అంచు మాత్రమే టేపుతో అతికించి వేలాడదీయండి. దెబ్బకి గుడ్డ లేచి పడుతుంది, మోత కత్తిరించినట్టు ఆగుతుంది. గుడ్డ మొత్తం అతికించేస్తే మాత్రం డప్పు మూగబోతుంది.

గలగల శబ్దం వస్తే పొరని అనుమానించకండి, నట్టుల కింద చూడండి. పాత సైకిల్ ట్యూబు ముక్కలు గుండ్రంగా కత్తిరించి వాషర్ల కింద వేస్తే పోతుంది. కళింగపట్నం, భావనపాడు, బారువ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పు గాలికి బోల్టులు తొందరగా తుప్పు పడతాయి. బోల్టు మరకి కుట్టుమిషను నూనె చుక్క, పైన కాస్త వాసలీను రాసి ఉంచాలి. తుప్పు పట్టిన నట్టుని బలవంతంగా తిప్పితే మర అరిగి, మొత్తం హుక్కు మార్చుకోవలసి వస్తుంది. పొర చిరిగితే డ్రమ్ సెట్ ఫ్లోర్ టామ్‌కి వాడే 16 అంగుళాల పొర కొన్ని కట్లకి సరిపోతుంది. కట్టు బయటి కొలత రాసుకుని వెళ్లి మరీ కొనాలి.

ఇంకో జాగ్రత్త. తోలు డప్పులు, ఫైబరువి కలిపి తీసుకెళ్లినప్పుడు కొత్త కుర్రాళ్లు రెండింటినీ మంట దగ్గర పెడుతుంటారు. ఫైబరు పొర వేడికి ముడతపడిపోతుంది, ఇక దాన్ని ఎంత బిగించినా దారికి రాదు. ఎండలో ఆటో మీద కట్టి ఉంచడం కూడా మంచిది కాదు.

మంచు, వాన దీని అసలు బలం. డిసెంబరులో రాత్రి తొమ్మిది దాటాక మన పల్లెల్లో మంచు ఎలా దిగుతుందో తెలిసిందే. తోలు డప్పు ఆ తేమకి వదులైపోతూ ఉంటుంది, మాటిమాటికీ తాటాకు మంట వేసి కాచుకోవాలి. పాటగాళ్లు వెళ్లిపోతుంటారు, డప్పువాళ్లు మంట దగ్గర ఉండిపోతారు. ఫైబరుకి ఆ బాధ లేదు. వానాకాలంలో కలెక్టరేటు ముందు టెంటు కింద కూర్చునే దీక్షలకైనా అంతే, చినుకులు పడినా తుడిచి కొట్టుకోవచ్చు. ఈ ఒక్క కారణానికే డబ్బు పెట్టవచ్చు. 16 అంగుళాలది రెండు వేలకి అటూ ఇటూగా వస్తుంది. బేరం ఆడేటప్పుడు పానా, భుజానికి వేసుకునే పట్టీ, పుల్లలు కలిపి అడగండి. పట్టీ సన్నటి నైలాను తాడైతే వద్దు, రెండంగుళాల వెడల్పు నేత పట్టీ ఉండాలి.

కేరల్స్ సంగతి వచ్చింది కాబట్టి ఇది కూడా. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట మైకులే కాదు, వాయిద్యాలు కూడా మోగించకూడదు. పండగ రోజుల్లో రాత్రి 12 దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది, అదీ ఏడాదికి 15 రోజులకి మించకుండా. సడలింపు ఆ రోజుకి ఉందో లేదో పోలీస్ స్టేషన్లో కనుక్కుని, అనుమతి కాగితం పాస్టరుగారి దగ్గర ఉంచుకోండి. ఫైబర్ డప్పు శబ్దం తోలుదానికంటే చాలా దూరం పోతుంది, ఫిర్యాదు కూడా అంత దూరం నుంచే వస్తుంది.

మందిరం లోపలికి వస్తే లెక్క మారుతుంది. మన పల్లె మందిరాలు చాలావరకు చిన్న హాళ్లు. పైన శ్లాబు, చుట్టూ సున్నం గోడలు, కింద టైల్స్, శబ్దాన్ని పీల్చుకునేది ఏదీ ఉండదు. అందులో ఒక్క ఫైబర్ డప్పుని చిర్రతో (కుడిచేతి పుల్లతో) గట్టిగా కొడితే ముందు వరస చిన్నపిల్లలు చెవులు మూసుకుంటారు, పాస్టరుగారి మైకు కుయ్యిమంటుంది. డప్పు వాయించేవాళ్లని పుల్పిట్ (ప్రసంగ వేదిక) పక్కన నిలబెట్టకండి. పక్క తలుపు దగ్గర, డప్పు ముఖం వరండా వైపు కాస్త తిప్పి నిలబెట్టండి. దానికి మైకు అక్కర్లేదు. కుడిచేతి చిర్ర జానెడు పొడవుది, లావుది. మందిరంలో ఫైబరు మీద దాని బదులు సన్నటి వెదురు పుల్ల వాడితే సగం గోల తగ్గుతుంది. ఎడంచేతికి చిటికెన పుల్లే, మామూలుగా వాడే పొడవాటి సన్న వెదురు బద్ద.

పాటని బట్టి కొట్టడం ఇంకా ముఖ్యం. వీధి పాటలో ఉన్న పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. ఒకరు చరణం ఎత్తుకుంటున్నప్పుడు డప్పు అంచు మీద చిటికెన పుల్లతో మాత్రమే నడవాలి. జనం అందుకున్నప్పుడు చిర్ర నడుమకి రావాలి. పంక్తికీ పంక్తికీ మధ్య ఖాళీలో ఒక చిన్న ముక్తాయింపు, అంతే. మాట ఉన్నచోట డప్పు తగ్గాలి, మాట లేనిచోట డప్పు మాట్లాడాలి. కొత్తగా కట్టుకున్న పాటలకి ఇది తేలిగ్గా కుదురుతుంది, ఎందుకంటే వాటి పంక్తులు చిన్నవి, పల్లవి తిరిగి తిరిగి వస్తుంది.

కీర్తనలకి ఇంకాస్త ఓపిక కావాలి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం ముద్రించి ఉంటాయి. కుర్రాళ్లు అటు చూడరు. పర్లాకిమిడి ప్రాంతం నుంచి వచ్చిన పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటి వాళ్లు ఆ కీర్తనలు కట్టింది కర్ణాటక తాళాలకే. ఆది తాళం ఎనిమిది లెక్క కాబట్టి ఏ దరువు వేసినా నడుస్తుంది. రూపకం ఆరు లెక్క, తకిట తకిట అని అనుకుంటే చేయి కుదురుతుంది. చాపు దగ్గరే పడిపోతారు. అది ఏడు, మూడు నాలుగుగా విరుగుతుంది: తకిట తకధిమి. దాని మీద సినిమా పాట నాలుగు లెక్క దరువు వేస్తే నలభై ఏళ్లుగా ఆ కీర్తన పాడుతున్న అమ్మలు రెండో పంక్తికే ఆగిపోతారు. డప్పు వచ్చి పాట పాడైపోయిందన్న మాట పుట్టేది అక్కడే, ఆ మాట న్యాయమే. చాపు కీర్తనకి ఒక్కరే వాయించండి. ‘తకిట’లో మొదటి తట్టుకి, ‘తకధిమి’లో మొదటి తట్టుకి చిర్ర, మిగతా అయిదూ చిటికెన పుల్లతో. పల్లవి రెండుసార్లు ఒట్టి గొంతులతో పాడాక, నడక కుదిరాక అప్పుడు అందుకోండి.

ఇక్కడే తోలు డప్పు కావాలనేది. ఫైబరు ఒకే గొంతుతో మాట్లాడుతుంది, బిగించినది బిగించినట్టే ఉంటుంది. తోలుది కాచితే ఒక గొంతు, చల్లారితే ఇంకో గొంతు. శుభ శుక్రవారం సిలువ ధ్యానాల్లో, సిలువ మీద యేసు పలికిన ఏడో మాట అయ్యాక, కాచని తోలు డప్పు మీద చావు దరువు మెల్లగా, రెండు దెబ్బలు, విరామం, ఒక దెబ్బ, ఇలా వేస్తే, పల్లెలో పుట్టిన ఎవరికీ వివరణ అక్కర్లేదు. మన వీధిలో మనిషి పోయినప్పుడు మోగిందే అక్కడ మోగుతుంది. మళ్లీ పునరుత్థాన ఆదివారం వేకువన అదే డప్పుని మంట దగ్గర బాగా కాచి, బిగిసిన గొంతుతో వీధిలోంచి గుడికి రావాలి. ఇది ఫైబరు చేయలేదు, ఎన్ని బోల్టులున్నా చేయలేదు. అవమానానికి గుర్తుగా ఉన్న చావు డప్పుని ప్రభువు మరణం దగ్గర నిలబెట్టడంలో ఎంత అర్థముందో సంఘ పెద్దలకి ముందు వివరంగా చెప్పాలి, ఒప్పుకోకపోతే ఆ ఏడాదికి ఆగాలి. మట్టల ఆదివారం ఊరేగింపుకి ఏ డప్పయినా పరవాలేదు.

తోలు డప్పు కొనడంలో చూడవలసినవి వేరు. చెక్క కట్టు ఒకే బద్ద వంచిందా ముక్కలు అతికిందా, అతుకుల్లో సందులున్నాయా, తోలులో ఈగ కుట్టిన చిల్లులున్నాయా, చింతగింజల జిగురు అంచంతా సమంగా పట్టిందా. వెనక తోలు వారులన్నీ నడుమ ఇనప రింగుకి సమాన బిగువుతో రావాలి, ఒకటి వేలాడుతుంటే తిరిగి కట్టించుకోవాలి. కాచేటప్పుడు తాటాకు గానీ ఎండుగడ్డి గానీ, మంట నుంచి చేయి చాచినంత దూరంలో తిప్పుతూ, మధ్య మధ్య తట్టి వింటూ కాచాలి. కిరోసిన్, టైరు ముక్కలు వాడితే మసి పట్టి తోలు పెళుసెక్కుతుంది, గ్యాసు పొయ్యి మీదైతే ఒకచోటే మాడుతుంది. ఎలుకలు తోలుతోపాటు చింతగింజల జిగురు కూడా కొరుకుతాయి. మందిరం మూల నేల మీద వదలకుండా గోడకి కాస్త ఎడంగా మేకుకి వేలాడదీయండి, వేపాకు పెట్టిన గోనె కప్పండి.

రిథమ్ ప్యాడ్ సంగతి అడిగేవాళ్లకి ఒక్క మాట. శబ్దం అదుపులో ఉంటుంది, ఏ తాళమైనా వేసుకోవచ్చు, నిజమే. కానీ కరెంటు పోతే ఆగిపోతుంది, వీధిలోకి రాదు, ఒక్క మనిషి మూల కూర్చుని వాయిస్తే మిగతావాళ్లు చూస్తూ ఉంటారు. డప్పు ధరకి చాలా రెట్లు కూడా అవుతుంది. చేతిలో ఉన్న డబ్బుకి రెండు ఫైబరువి, ఒకటి తోలుది తీసుకుంటే ముగ్గురు పిల్లలు పాటలో ఉంటారు.

ఆ తోలుది షాపులో కాదు, కట్టేవాళ్ల దగ్గర కట్టించుకోండి. బొబ్బిలి వీణకి భౌగోళిక గుర్తింపు ఉంది, గొల్లపల్లి పనివాళ్ల పేరు దేశమంతా తెలుసు. మన జాతరలన్నిటికీ డప్పు కట్టిచ్చిన వాళ్ల పేరు పక్క వీధికి కూడా తెలియదు. డప్పు కట్టే ఆయన క్రైస్తవుడు కాకపోవచ్చు, కాకపోయినా నాలుగు ఆదివారాలు మధ్యాహ్నం పిలిచి పిల్లలకి దరువులు నేర్పించమని అడగండి, భోజనం అందరితో కలిసి పెట్టండి, రోజు కూలికి తగ్గకుండా చేతిలో పెట్టండి. ఉచితంగా చెప్పమనొద్దు. వెట్టిగా కొట్టించుకున్న ఊరు చేసిన పనే గుడి కూడా చేసినట్టవుతుంది.

ఆర్డరు మాత్రం వేసవిలోనే ఇవ్వండి. తోలు నానబెట్టి, సున్నంతో వెంట్రుక తీసి, తడిగా ఉండగా లాగి కట్టి, నీడలో ఆరనివ్వాలి. ముసురు పట్టిందంటే అది ఆరదు, ఆరకముందే వాయిస్తే సాగిపోయి మళ్లీ బిగియదు. అక్టోబరు, నవంబరు తుఫాన్లు మన తీరానికి కొత్త కాదు, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. క్రిస్మస్‌కి డప్పు కావాలని నవంబరు నెలాఖరున వెళ్తే దొరికేది ఫైబరుదే.